లోవరాజు కొన్న మల్టీటూల్ గోడు

నేను ఒక మల్టీటూల్‌ని. మడిస్తే అరచేతిలో ఇమిడిపోతాను, విప్పితే పట్టకారునవుతాను. చాకు, రంపం, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసేది, చేప పొలుసు గీకేది అంటూ మొత్తం ఇరవై ఒక్క పనులు చేస్తానని నా డబ్బా మీద రాసుంది. డబ్బా రాతలు నమ్మకండి. ఆ ఇరవై ఒకటిలో నాలుగైదు ఏమిటో నాకే తెలియదు. ఒకటైతే ఉత్తి కన్నం. దాన్ని కూడా ఒక పని కింద జమకట్టారు మహానుభావులు.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో. నాసిరకం రేకును మిషను కింద పెట్టి దబదబా కొట్టి నా అవయవాలన్నీ ఒకే పూటలో తీశారు. బాగోగులు చూడాల్సిన మనిషి టీకి వెళ్ళిన సమయంలో నా శీల బిగించారు. అందుకే నా ఒళ్ళు కాస్త వదులు. పైన మాత్రం పెళ్ళికూతురికి చేసినట్టు మెరుగు పెట్టి, నల్లటి తొడుగులో పెట్టి పంపారు. అలా ఊళ్ళు దాటి దాటి తునిలో ఒక హార్డ్‌వేర్ కొట్టు గాజు బల్ల కిందికి చేరాను.

అక్కడికే వచ్చాడు లోవరాజు. అదే ఊళ్ళో బట్టల కొట్లో చీరలు అమ్మే మనిషి. చీరలమ్మేవాడికి పట్టకారుతో పనేమిటని మీరడగొచ్చు. పని లేదు. పనంతా అనకాపల్లిలో ఉన్న అతని అత్తవారింట్లో ఉంది.

మామగారు సన్యాసయ్య. బెల్లం మార్కెట్టులో నలభయ్యేళ్ళు వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. పెద్దల్లుడు జోగారావుకి విశాఖపట్నంలో పెద్ద కంపెనీలో ఉద్యోగం, కారు, నడుముకి ఖరీదైన విదేశీ మల్టీటూల్. చిన్నల్లుడు లోవరాజు. పెళ్ళయిన మొదటి దసరాకి అరుగు మీద అందరూ కూర్చున్నప్పుడు మామగారి మడతకుర్చీ స్క్రూ ఊడింది. ఆయన కొత్తల్లుడి వైపు తిరిగి, "ఏవయ్యా, నీకాడ స్క్రూడ్రైవరేటైనా ఉందేటి?" అన్నాడట. కొత్త పట్టుపంచెలో స్క్రూడ్రైవరెక్కడుంటుంది? లోవరాజు బొటనవేలి గోరుతో తిప్పబోయాడు. గోరు విరిగింది. జోగారావు చిరునవ్వు నవ్వుతూ నడుము మీంచి తన పనిముట్టు తీసి, రెండు తిప్పుల్లో బిగించేశాడు. "అదీ! అల్లుడుగారంటే అలాగుండాల" అన్నాడు సన్యాసయ్య.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో జోగారావు 'అల్లుడుగారు', లోవరాజు 'ఏవయ్యా'. అన్నం తింటావేటయ్యా, ఎప్పుడెల్తావయ్యా. అంతే. పండక్కి వెళ్ళొచ్చిన ప్రతిసారీ వారం రోజులు లోవరాజుకి అన్నం సహించేది కాదు. అతని భార్య నూకరత్నం, "మా నాన్న నోరే అంతండి, మనసులో ఏటీ ఉండదు" అని సర్దిచెప్పేది గానీ, తండ్రి అలా పిలిచినప్పుడల్లా ఆవిడ కూడా తల దించుకునేది. అదిగో, ఆ ఒక్క పిలుపు కోసం నన్ను కొన్నాడు.

కొనడం అంటే మామూలుగా కొన్నాడా! తలప్రాణం తోకకి తెచ్చాడు. రోజూ కొట్లో యాభై చీరలు విప్పించుకుని "రేపొస్తాం" అని లేచిపోయే ఆడవాళ్ళని లోపల్లోపల తిట్టుకునే మనిషి, ఇక్కడ సరిగ్గా వాళ్ళలాగే తయారయ్యాడు. వస్తాడు, బల్ల మీద మమ్మల్నందరినీ పరిచిపెట్టమంటాడు, ఒక్కొక్కరినీ విప్పుతాడు, మూస్తాడు, వెలుతుర్లో పెట్టి చూస్తాడు, మళ్ళీ వస్తానని వెళ్ళిపోతాడు. ఇంటికెళ్ళి ఫోన్లో వీడియోలు చూస్తాడు. ఆ వీడియోలో కుర్రాడెవరో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడట: రోజూ వెంట ఉంచుకునేదానికి పనులెన్నని చూడకండి, మీకు నిజంగా కావలసినవి గట్టిగా ఉన్నాయా చూడండి, పట్టకారు దవడలు మందంగా ఉండాలి, శీల వదులుగా ఉండకూడదు అని. లోవరాజు ఆ వీడియో పదిసార్లు చూశాడు. మర్నాడొచ్చి సరిగ్గా అందుకు వ్యతిరేకంగా చేశాడు.

నా పక్కన ఒక పొట్టిది ఉండేది. మెరుగూ లేదు, షోకూ లేదు. ఖరీదు దాదాపు నా అంతే. కొట్టాయన పాపం మంచివాడు, "బాబూ, ఇది తీస్కోండి. పన్లు ఐదే గానీ ఇరగదు" అన్నాడు.

"ఐదేనాండి?" అన్నాడు లోవరాజు, జరీ లేని చీర చూసిన పెళ్ళివారిలాగా మొహం పెట్టి. "ఇందులో ఇరవయ్యొకటి ఉన్నాయి కదండీ!"

నిజం చెప్పొద్దూ, నేనే అతని స్థానంలో ఉంటే ఆ పొట్టిదాన్నే కొనేదాన్ని. నా మాటెవరు వింటారు? ఇంటికి తీసుకెళ్ళాడు. నూకరత్నం నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇరవయ్యొక్క పన్లంటండి? ఇంట్లో మీరు సేసేవి లెక్కెడితే మూడు తేలవు" అంది. నాకు ఆవిడ అప్పుడే నచ్చింది.

ఇక మొదలైంది నా బాధ. నన్ను రోజూ నడుముకి తగిలించుకుంటాడు. కొట్టుకి, గుడికి, పెళ్ళికి, చావుకి, ఎక్కడికెళ్ళినా నేను ఉండాల్సిందే. కానీ ఒక్కనాడు, ఒక్కటంటే ఒక్కనాడు, నాతో పని చేస్తేనా? నా తొడుగు మీద మళ్ళీ ఒక ప్లాస్టిక్ కవరు వేశాడు, గీతలు పడతాయని. చీర మీద దారం పోగు కనిపిస్తే వంగి పళ్ళతో కొరికేవాడు. నేను నడుము మీద ఉండగా పళ్ళతో! పార్సిలు కట్టు విప్పాలంటే పక్కవాడి కత్తెర అడిగేవాడు. సోడా మూత బల్ల అంచుకి పెట్టి కొట్టేవాడు. ఎవరైనా "ఓసారి ఆ చాకియ్యండి రాజుగారూ" అంటే, "అది పండక్కండి" అనేవాడు. చాకుకి పండగేమిటండీ? నాకు ఒళ్ళు మండిపోయేది. పదును పోతుందని దాచుకుంటే, దాచుకున్న పదునేం చేసుకుంటావయ్యా అని అరవాలనిపించేది. నా నోరేమో పట్టకారు నోరు, అరిచినా కిర్రుమంటుంది తప్ప మాట రాదు.

సరే, దసరా రానే వచ్చింది. అనకాపల్లి వెళ్ళాం. దారి పొడుగునా బస్సులో చెయ్యి నా మీదే ఉంచుకున్నాడు. ఈసారి కుర్చీ స్క్రూ ఊడితే నేనున్నాను, కుళాయి కారితే నేనున్నాను. కుర్చీల వంక, కిటికీ గడియల వంక ఆశగా చూస్తూ ఇంట్లో అడుగు పెట్టాడు. ఒక్కటి కూడా ఊడిపోయి లేదు. అన్నీ కంపెనీవాడు ఇప్పుడే బిగించి వెళ్ళినట్టు కుదురుగా ఉన్నాయి.

దసరా నాడు ఆ ఇంట్లో ఆయుధపూజ మహా నిష్ఠగా చేస్తారు. అత్తగారు పైడమ్మ తెల్లారేసరికి ఇంట్లో ఇనుమన్నదల్లా పోగేసింది. పాత బెల్లం కాటా, గునపం, కొడవలి, సుత్తి, కత్తిపీట, జోగారావు విదేశీ పనిముట్టు. లోవరాజు కవరు విప్పి నన్ను కూడా గర్వంగా అందించాడు. ఆవిడ పసుపునీళ్ళు నా మీద ధారాళంగా పోసి, ముద్ద పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, తోరం కట్టి అమ్మవారి పటం ముందు కూర్చోబెట్టింది. "అమ్మా, తడి పసుపు లోపలికెల్తే తుప్పట్టీద్దే" అంది నూకరత్నం. "అమ్మోరికన్నా ఎక్కువేటే దానికి?" అంది తల్లి. పూజలో పెట్టిన పనిముట్టు ఆ రోజంతా కదపకూడదు. మర్నాడు ఉద్వాసన చెప్పి తియ్యాలి. నా శీలలో పసుపు చేరి బిగుసుకుపోతూ ఉంది. జీవితంలో మొదటిసారి నా ఒళ్ళు బిగువయింది, అదీ అక్కర్లేనప్పుడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సన్యాసయ్య పెరట్లో ఉన్న స్నానాల గదికి వెళ్ళాడు. కొత్తగా పెట్టించిన ప్లాస్టిక్ తలుపు. లోపల గడియ బిగుసుకుపోయి ఇక రాలేదు. పెద్దమనిషి కదా, మొదట కేకెయ్యడానికి మొహమాటపడ్డాడు. చాలాసేపు తనలో తనే గుంజుకుని, గుంజుకుని, చివరికి, "ఒలే పైడీ! తలుపు రాట్నేదే!" అన్నాడు. ఆయనకి ఆయాసం ఉంది. ఆ గదికి ఉన్నదల్లా జానెడు వెంటిలేటరు.

జోగారావు పరిగెత్తాడు. బయటికి తెరుచుకునే తలుపు, తోస్తే లాభం లేదు. పిడి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పిడి ఊడి చేతికొచ్చింది. వడ్రంగికి ఫోన్ చేశాడు. "పనిముట్లు పూజలో ఉన్నాయండి, రేపు ఉద్వాసనయ్యాక వత్తాను" అన్నాడు వడ్రంగి. వెల్డింగ్ కొట్టు మూసి, షట్టరుకి గుమ్మడికాయ కట్టి ఉంది. ఎదురింట్లో గునపానికి బొట్టు, పక్కింట్లో సుత్తికి తోరం. ఊరు ఊరంతా ఇనుముకి సెలవిచ్చేసి కూర్చుంది. లోపల మనిషి ఊపిరి గొంతులో ఈల వేస్తోంది.

"అత్తయ్యగారూ, జోగారావుగారిది మంచి టూలు కదండీ, తీద్దాం" అన్నాడు లోవరాజు.

"అమ్మో, నాది వద్దు. పూజలో పెట్టింది కదిపితే అరిష్టం" అన్నాడు జోగారావు. అరిష్టం కాదు, గీతలు పడతాయని భయం. ఆ భయం నాకు బాగా తెలుసు, నెలల తరబడి దాని కిందే బతికాను.

లోవరాజు గబగబా లోపలికొచ్చి, అమ్మవారికి ఒక దండం పెట్టి, అత్తవారి గునపం, సుత్తి జోలికి పోకుండా తన సొంతదాన్నైన నన్ను తీశాడు.

"ఒరే నాయనా, అపచారం!" అంది పైడమ్మ, గుండెలు బాదుకుంటూ.

"అమ్మోరు కోప్పడితే నేను పడతానండి అత్తయ్యగారూ. లోపలున్నది మావయ్యగారండి" అన్నాడు.

చాకు తెరవబోయాడు, రాలేదు. పసుపు పట్టేసింది. స్క్రూడ్రైవరు లాగి, తలుపుని చట్రానికి పట్టి ఉంచే బందు స్క్రూకి పెట్టి తిప్పాడు. స్క్రూ తిరగలేదు, నేను తిరిగాను. నా మొన మెలిక పడిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ పని ఇవ్వలేదని ఏడ్చిన నేను, తీరా పనిచ్చేసరికి ఇదా నా బతుకు!

"ఎవుడది?" అంది లోపలి గొంతు, సన్నగా.

"నేనండి మావయ్యగారూ, లోవరాజునండి. బందులు ఊడగొడతన్నాను. మీరు కంగారు పడకండి, బాల్చీ బోర్లించుకుని కూకోండి. మాటాడతా ఉండండి."

"ఏటి మాటాడమంటావయ్యా ఇందులో?"

"ఏదోటండి. బెల్లం ధరెలాగుంది?"

లోపల్నించి దగ్గు, దాని వెనకాల చిన్న నవ్వు. ఆ తరవాత ఆగి ఆగి బెల్లం మాటలు. వింటూనే లోవరాజు నా పట్టకారుతో పై బందు శీలని పట్టి మెలిపెట్టి లాగాడు. వచ్చింది! నా ఆనందం ఏం చెప్పను. కింది బందు దగ్గరకొచ్చేసరికి టప్‌మని నా ఎడమ దవడ విరిగిపోయింది. లోపల మాటలు ఆగిపోయాయి. "నాన్నా!" అని నూకరత్నం కేక పెట్టింది. లోవరాజు పక్కనున్న రుబ్బురోలు పొత్రం ఎత్తాడు. మెలిక పడిన నా మొనని శీల కింద ఆనించి, పొత్రంతో నా నెత్తిన ఒక్కటిచ్చాడు. మళ్ళీ ఇచ్చాడు. ఇరవై ఒక్క పనులు నేర్చుకొచ్చిన నన్ను చివరికి మేకును చేశాడండీ! నా రంపం ఊడింది, చేప పొలుసుదీ ఊడింది, ఒంటి మీది మెరుగంతా చెక్కలు చెక్కలుగా లేచిపోయింది. ఎన్ని దెబ్బలు తిన్నానో తెలీదు. శీల ఎగిరి అరటిచెట్టు మొదట్లో పడింది.

తలుపుని పక్కకి లాగేశారు. సన్యాసయ్య బాల్చీ మీద ఒళ్ళంతా చెమటతో, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఎత్తుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. జోగారావు విసనకర్ర తీసుకుని, "అల్లుళ్ళమున్నాం, మీకేం భయం లేదు మావయ్యగారూ" అంటూ తెగ విసిరాడు. మజ్జిగ తాగి, ఊపిరి కుదుటపడ్డాక పెద్దాయన కళ్ళు తెరిచాడు. బయట ఎవరేమన్నారో అన్నీ విన్నాడాయన. ప్లాస్టిక్ తలుపు ఊపిరాడనివ్వలేదు గానీ మాటలు మాత్రం ఆపలేదు. విసురుతున్న చేతిని మెల్లగా పక్కకి జరిపి, మెట్టు మీద చేతులు నెత్తురోడుతూ కూర్చున్నవాడి వైపు చూశాడు.

"అల్లుడుగారూ," అన్నాడు. "ఆ వస్తువు నాకాడ ఉంచీండి. ఎప్పుడేటవసరవో."

మాట పూర్తయిందో లేదో నన్ను ఆయన చేతిలో పెట్టేశాడు లోవరాజు. ఆలోచించలేదు. నా వైపు చూడను కూడా లేదు. నన్ను ఎంచుకోవడానికి వేసవంతా తిరిగిన మనిషి! నూకరత్నం గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది, కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని.

ఇప్పుడు నేను ఆ స్నానాల గదిలోనే మేకుకి వేలాడుతున్నాను, సబ్బుపెట్టె పక్కన. కొత్త తలుపుకి గడియే పెట్టించలేదు పెద్దాయన. గడియ లేకపోతే నాకిక్కడ పనేమిటి? ఎవరికైనా తడితే కదా. ఒంటి దవడతో, రోజూ ఆవిరి పట్టి తుప్పెక్కుతున్నాను. పండక్కి లోవరాజు వస్తాడు, నా పక్కనే చొక్కా తగిలిస్తాడు, ఎలా ఉన్నావని ఒక్కసారైనా చేత్తో ముట్టుకోడు. నడుముకి ఇప్పుడు ఏమీ లేదు. నీళ్ళు పోసుకుంటూ ఉంటే బయట నుంచి మామగారు కేకేస్తాడు: "అల్లుడుగారూ, వేణ్ణీళ్ళు సాలినాయేటి?"

బాల్చీ నిండా నీళ్ళుంటాయి. మనిషికి చెవులు శుభ్రంగా వినబడతాయి. అయినా చెంబు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, బదులు చెప్పకుండా నిలబడతాడు, ఆయన ఇంకోసారి పిలుస్తాడని.