కుప్పెక్కిన గోలు గీత

కోటబొమ్మాళి మైదానంలో తెల్లారేసరికి ఇనాకి మాస్టారు ఆడపిల్లల చేత పరుగులు పెట్టించేవాడు. ఆ తర్వాత అందరికీ నానబెట్టిన శనగలు పంచేవాడు. ఆయనది స్పెయిన్. అక్కడి చిన్న చిన్న జట్లకి చాలా ఏళ్లు గోలు కాశాడు. మోకాలు దెబ్బతిన్నాక ఫుట్‌బాల్ కోచ్ అయి, దేశాలు తిరిగి, చివరికి ఇక్కడ ఆగాడు.

ఆఖరి మ్యాచ్‌లో ఆయన కాసిన గోలు గీత అప్పటినుంచీ ఆయన మడమల వెనకే ఉండేది. తెల్లటి సున్నపు గీత. ఆయన నడిస్తే నడిచేది, బస్సెక్కితే ఎక్కేది. వెనక్కి అడుగు వేయబోతే మడమకి చల్లగా తగిలి ఆపేది. కోళ్లు దాన్ని దాటుకుని పోయేవి. టీ కొట్టు సోములు మాత్రం ఊడుస్తూ, "మాస్టారూ, మీ గీత బెంచీ కిందకొచ్చేసినాది, కొంచెం జరగండి" అనేవాడు.

జట్టుకి గోలు కాసే పిల్ల గౌరి. ఎంత జోరుగా వచ్చిన బంతినైనా ఒడిసి పట్టేది. పట్టాక ఒకడుగు వెనక్కి వేసేది. బంతితో సహా గీత దాటేది. ఇంకేముంది, గోలే!

"ఒసే, పట్టిన బంతిని నువ్వే లోపలెట్టేస్తావేటే!" అని జట్టులోని రాజకుమారి వెక్కిరించేది.

ఆదివారం రాష్ట్ర జూనియర్ జట్టుకి ఎంపిక. వయసు దాటిపోతోంది కనక గౌరికి అదే ఆఖరి అవకాశం.

కారణం తెలుసుకుందామని మాస్టారు వాళ్ల కళ్లానికి వెళ్లాడు. వరికుప్ప వేస్తున్నారు. గౌరి తల్లి దేముడమ్మ కింద నుంచి కట్టలు విసురుతోంది. కుప్ప మీద గౌరి పట్టుకుని, అడుగు వెనక్కేసి, వెనక పేరుస్తోంది. చిన్నప్పటినుంచీ ఆ పని గౌరిదే.

"ఏటి మాస్టారూ, అలా సూస్తన్నారు?" అంది దేముడమ్మ.

"దొరికినాది!" అంటూ ఆయన నిచ్చెనెక్కాడు. గీతా ఎక్కింది. "గౌరీ, ఇక్కడ వెనక్కేస్తే కుప్ప. అక్కడ వెనక్కేస్తే గోలు."

"నాకు తెల్దేటి మాస్టారూ? కాళ్లు ఇనవు."

మాస్టారు తన మడమల వెనకున్న గీతని ఓసారి చూశాడు. తర్వాత నెమ్మదిగా నిచ్చెన దిగాడు. గీత దిగలేదు. గడ్డి మీద గౌరి మడమల వెనక ఉండిపోయింది.

"ఉండనీ. నాకింక కాసే గోలు లేదు కదా" అన్నాడాయన.

"తొక్కేవు, జాగర్తే!" అని దేముడమ్మ ఇంకో కట్ట విసిరింది. ఆ కట్టని గౌరి పక్కకి పేర్చింది.

ఆదివారం ఆఖరి నిమిషంలో బంతి దూసుకొచ్చింది. గౌరి గుండెకి హత్తుకుంది. కుడికాలు వెనక్కి లేచింది, మడమకి గీత చల్లగా తగిలింది, కాలు ముందుకొచ్చేసింది.

"ఈ పిల్ల కావాలి" అంది ఎంపిక చెయ్యడానికొచ్చిన పెద్దావిడ.

వారం తిరక్కుండా గౌరి శిబిరానికి రైలెక్కింది. గీతా ఎక్కింది. టికెట్లు చూసేవాడు దాన్ని దాటి పక్క సీటుకి వెళ్లాడు.

రైలు కదిలింది. "బాబూ, దారి!" అని ప్లాట్‌ఫారం మీద టీ బండివాడు అరిచాడు. చెయ్యూపుతూనే మాస్టారు రెండడుగులు వెనక్కి వేశాడు. వేసి, తన కాళ్లకేసి చూసుకున్నాడు. నవ్వి, ఇంకో అడుగు కూడా వేశాడు.