కొంగ మెడ దాకా బాగానే కుట్టింది

తోడికోడలు సొంత కంప్యూటర్ చంకన పెట్టుకుని కుట్టు కొట్లో అడుగుపెట్టిన రోజే పెద్దకోడలి కంట్లో నలుసు పడింది. అది ఎంత నలిపినా పోలేదు.

ఆ కొట్లో పరదాల మీద, దిండు గలీబుల మీద మెషిన్‌తో పూలూ పిట్టలూ కుడతారు. ఒక్కో బొమ్మకీ రెండేసి ఫైళ్ళు. ఒకటి దారాల జాబితా. ఏ రంగు ముందు, ఏది వెనక అని లైనుకొక రంగు చొప్పున మనుషులు చదువుకునే రాత. రెండోది కుట్టు ఫైలు. సూది ఎటు పోవాలో మెషిన్‌కే తప్ప మనకి అర్థం కాదు. అన్నీ పెద్దకోడలు ఏళ్ళ తరబడి నడుం విరిగేలా కూర్చుని చేసినవే. ఏ లైను ఎవరు మార్చారో పేరుతో సహా గుర్తుంచుకుని, పాతవీ పదిలపరిచే గిట్ అనే కంప్యూటర్ పద్దులో వాటిని దాస్తారు.

ఓ పొద్దున కొంగ బొమ్మ జాబితా తెరిస్తే లైను లైనుకీ పక్కన తోడికోడలి పేరే. పాత లైన్లన్నీ ఎర్రగా కొట్టేసి, అవే మాటలు మళ్ళీ కొత్తగా రాసినట్టు పచ్చగా ఉన్నాయి.

'ఓహో! రేపు వేరు కుంపటి పెట్టి, బొమ్మలన్నీ నావే, కావాలంటే పేరు చూడండి అంటే నా నోట్లో మట్టే' అనుకుంది పెద్దకోడలు. సాయంత్రానికి దొంగతనం బయటపెట్టి, తోడికోడల్ని కొట్లోంచి పంపేయాలని అప్పుడే తీర్మానించుకుంది.

పైకి మాత్రం వెన్నపూసలా మాట్లాడింది. "ఏమ్మా, ఆ ద్రాక్షగుత్తి జాబితాలో ఆకు రంగు కాస్త ముదురు పెడతావా? అదొక్కటే."

అని వెనకాలే నిలబడింది. దారం కండెలు సర్దుతున్న అత్తగారు ఓరగా చూసింది.

"దాని వెనక అలా ఒంటికాలి మీద నిలబడ్డావేమే? చేప దొరికిందా?"

"దొరుకుతుంది లెండి అత్తయ్యా."

తోడికోడలు ఒక్క మాటే మార్చింది. పెద్దకోడలు రెప్ప వెయ్యలేదు. తీరా గిట్‌కి ఎక్కించి చూస్తే ద్రాక్షగుత్తి మొత్తం ఆమె పేరు మీదికి పోయింది.

"నా కళ్ళ ముందే కనికట్టు చేస్తావా?"

"అయ్యో అక్కా! ఒక్క ఆకేగా మార్చింది, చూస్తూనే ఉన్నావుగా!"

తోడికోడలు తెర మీదికి వంగింది. కనపడని గుర్తులు చూపించమని కంప్యూటర్‌కి చెప్పింది. ప్రతి లైను చివరా రెండు బుల్లి గుర్తులు బయటపడ్డాయి. పెద్దకోడలి కంప్యూటర్‌లో ఒక్కొక్కటే ఉంది.

"ఇదా సంగతి! పాత టైపు మిషన్‌లో లైనైపోతే బండిని వెనక్కి తొయ్యాలి, కాగితం పైకి తిప్పాలి. ఆ రెండు పనులకీ నా కంప్యూటర్ రెండు గుర్తులు పెడుతోందక్కా. నీది ఒక్కటే పెడుతోంది. గుర్తు మారితే గిట్ లెక్కలో లైనంతా మారినట్టే."

'దొంగకి సాకులు కరువా' అనుకుని పెద్దకోడలు కీబోర్డు లాక్కుంది.

"నువ్వు జరుగు. గిట్‌లో అన్నిటికీ ఒకటే గుర్తని రూలు నేనే రాస్తా."

"రాయక్కా. కానీ కుట్టు ఫైళ్ళు వదిలెయ్. అవి రాతలు కావు, వాటిల్లో లైన్లుండవు."

అంతే, నలుసు మళ్ళీ గుచ్చుకుంది. జాబితాలు సరిచెయ్యమని, కుట్టు ఫైళ్ళ జోలికి మాత్రం పోవద్దంటుందా? అయితే గుట్టంతా అక్కడే ఉంది! పెద్దకోడలు ఏ ఫైలునీ వదలకుండా, అన్నీ రాతలే అని రూలు రాసి, ఫైళ్ళన్నీ మళ్ళీ గిట్‌కి ఎక్కించేసింది.

మధ్యాహ్నం ఖాతాదారు ఇచ్చిన పరదాని మెషిన్‌కి బిగించి, కొంగ కుట్టు ఫైలు గిట్‌లోంచి తెచ్చి పెట్టారు. ముక్కు, తల, మెడ ముత్యాల్లా వచ్చాయి. మెడ దాటగానే సూదికి పిచ్చెక్కింది. రెక్క ఉండాల్సిన చోట గీతలు పిల్లికి దొరికిన దారంలా చెల్లాచెదురయ్యాయి.

"కొంగకి మూర్ఛొచ్చిందే!" అంది అత్తగారు.

"ఏం చేశావ్ దీన్ని?" అని తోడికోడలి మీదికి లేచింది పెద్దకోడలు. పేరు చూపించి నిలదీద్దామని గిట్ తెరిచింది. కుట్టు ఫైలుని చివరిసారి మార్చినవాళ్ళ చోట తన పేరే ఉంది.

తోడికోడలు నెమ్మదిగా చెప్పింది. "రెండు గుర్తుల్లాంటి అంకెలే కుట్టులో ఒకచోట పక్కపక్కన పడుంటాయి అక్కా. నీ రూలు చూసి గిట్ అందులో ఒకటి పీకేసింది. జడలో పాయ జారినట్టే, అక్కణ్నుంచి అన్నీ తప్పాయి. నీ రూలుకి ముందుది భద్రంగానే ఉందిలే, వెనక్కి తెచ్చుకోవచ్చు."

పెద్దకోడలు తన పేరుని వేలు పెట్టి మళ్ళీ చదివింది. తర్వాత కుర్చీలోంచి లేచింది.

"కూర్చో. జాబితాలకే ఆ రూలు, కుట్టు ఫైళ్ళని ముట్టుకోవద్దని నువ్వే రాయి."

"నా పేరు పడుతుందక్కా."

"పడనీ."

చిన్న కత్తెర తీసుకుని పరదా ముందు కూలబడింది పెద్దకోడలు. పిచ్చి కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"మెడ దగ్గర ఆపవే, అక్కడిదాకా బాగానే ఉంది" అంది అత్తగారు.