సిమెంటు రంగు దీక్ష

గవర్నర్‌పేటలో లక్ష్మీకాంత్‌కి టైల్సు, శానిటరీ సామాను షోరూమ్ ఉంది. అక్కడ వరసగా నిలబెట్టిన కమోడ్ల ఫ్లష్ ట్యాంకుల్లో అతను మిఠాయిలు దాచుకునేవాడు. నీళ్లు పెట్టని ట్యాంకులు కాబట్టి లోపల పొడిగా, శుభ్రంగా ఉంటుంది. భార్య ఛాయాదేవి ఎంత అనుమానపు మనిషైనా అక్కడ వెతకాలని ఆమెకు తోచదు. బ్యాంకులో పనిచేసే ఆమె ఇంట్లో డబ్బాలు, కారు డిక్కీ, అతని చొక్కా జేబులు రోజూ చూసేది. ఏమీ దొరికేది కాదు. మనిషి మాత్రం లావెక్కుతూనే ఉన్నాడు.

ఒక రోజు ఆమె క్యారేజీ ఇవ్వడానికి షోరూమ్‌కి వచ్చేసరికి, కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న దంపతులు ఒక కమోడ్ బేరం చేస్తున్నారు. ఆయన ట్యాంకు మూత ఎత్తి లోపలికి చూసి, "లడ్లున్నాయేంటండీ ఇందులో?" అన్నాడు.

"ఆఫర్ అండీ. ఈ మోడల్ తీసుకుంటే బందరు లడ్లు ఫ్రీ," అన్నాడు లక్ష్మీకాంత్, కన్నార్పకుండా.

వాళ్లు సంతోషంగా కొనుక్కుని వెళ్లారు. ఛాయాదేవి క్యారేజీ కింద పెట్టి మిగతా మూతలన్నీ ఒక్కొక్కటే ఎత్తింది. కాజాలు, పూతరేకులు, బందరు హల్వా, సున్నుండలు బయటపడ్డాయి. వాష్‌బేసిన్ కింద సొరుగులో తాటి తాండ్ర. చివరి కమోడ్ మూత వేసి, దాని మీదే కూర్చుని ఏడ్చింది.

లక్ష్మీకాంత్ ఆమె ముందు నేల మీద చతికిలబడ్డాడు. "ఒకటే తిందామని తీస్తానే. చేతికి ఒకటి వస్తుంది, నోట్లోకి మాత్రం అన్నీ పోతాయి. ఎలా పోతాయో నాకే తెలీదు," అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకు అర్థమైంది.

మర్నాడు ఇద్దరూ డాక్టర్ ఉషశ్రీ దగ్గరికి వెళ్లారు. ఆవిడ రిపోర్టులన్నీ చూసి, "షుగర్ ఇంకా రాలేదండీ, గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పుతోంది. మీకున్నది వేరే సమస్య. కొంచెం తిని ఆగే మనిషి కాదు మీరు. అందుకని కొంచెం అనే మాట మీకు వద్దు. పూర్తిగా మానేయండి," అని చెప్పింది.

అతను మానేశాడు. మొదట్లో తల పగిలిపోయేది. కస్టమర్ల మీద విసుక్కున్నాడు. పంచదార రంగు టైల్సు చూడలేక గోడవైపు తిప్పించాడు. సోంపు నమిలాడు, మజ్జిగ తాగాడు, సాయంత్రాలు కాలువ గట్టు మీద నడిచాడు. మెల్లగా తలనొప్పి తగ్గింది. ఇంట్లో ఉన్నంతసేపూ బాగానే ఉండేది. చిక్కంతా చుట్టాలతోనే.

"స్వీట్లు మానేశానండీ" అంటే "షుగరా?" అని అడుగుతారు. "లేదండీ" అంటే "మరింకేం, తిను" అని రెండు వేస్తారు. "షుగరేనండీ" అని అబద్ధమాడితే "నాకూ ఉందయ్యా, పొద్దున ఒక మాత్ర ఎక్కువ వేసుకుంటే సరి" అని మూడు వేస్తారు. కృష్ణా జిల్లాలో విస్తరి ముందు కూర్చుని తీపి వద్దని లేచి వచ్చిన మగాణ్ణి అతను ఇంతవరకూ చూడలేదు.

కంకిపాడులో మేనమామ కొత్తిల్లు గృహప్రవేశం. ఆయన భార్య కనకలక్ష్మి బొబ్బట్లు చేస్తే బంధువులు ఇల్లు చూడడానికి కాకుండా బొబ్బట్ల కోసమే వస్తారని పేరు. ఆవిడ నెయ్యి కారుతున్న బొబ్బట్టు పట్టుకుని లక్ష్మీకాంత్ ముందు నిలబడింది.

"వద్దత్తయ్యా."

"ఏంట్రా వద్దు? నీ కోసం పల్చగా ఒత్తాను. నోరు తెరువు."

"నిజంగా వద్దత్తయ్యా, మానేశాను."

"రేపు మానేద్దువుగానిలే. మీ మావయ్య మీద ఒట్టు, ఒక్కటి."

ఆ వాసనకి అతని కళ్లు తిరిగాయి. చెయ్యి దానంతటదే విస్తరి మీదికి జరిగింది. ఆ ఒక్కటీ తింటే తర్వాత వంటింట్లోకి వెళ్లి పళ్లెం ఖాళీ చేస్తానని, తిరిగి వెళ్తూ దారిలో ప్రతి మిఠాయి కొట్టు దగ్గరా కారు ఆపుతానని అతనికి స్పష్టంగా కనిపించింది. ఏం చెయ్యాలో తోచక, "దీక్షలో ఉన్నానత్తయ్యా!" అని అరిచినంత పని చేశాడు.

బొబ్బట్టు గాల్లోనే ఆగిపోయింది. కనకలక్ష్మి రెండడుగులు వెనక్కి వేసి, "అయ్యో, ముందే చెప్పొద్దూ! తగిలానేమో!" అంది. ఎవరో కుర్చీ తెచ్చారు. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచింది.

"ఏ దీక్ష అల్లుడూ?" అని మేనమామ చేతులు జోడించి అడిగాడు.

"పేరు పైకి చెప్పకూడదు మావయ్యా."

"మరి బట్టలేవి?"

"రేపట్నుంచి," అన్నాడు లక్ష్మీకాంత్.

అలా అనడం వల్ల మర్నాడు వన్‌టౌన్‌లో బట్టల కొట్టుకి పోవలసి వచ్చింది. ఛాయాదేవి వెంట వెళ్లింది, నవ్వాలో తిట్టాలో తెలియక. నలుపు ఒక దీక్షది, ఎరుపు ఇంకొకదానిది, కాషాయం మరొకదానిది. పసుపు, తెలుపు, ఆకుపచ్చ, దేనికి చెయ్యి వేసినా కొట్టువాడు "ఇది ఫలానా స్వాములదండీ" అన్నాడు. ఉన్న దీక్షల్లో దేన్నీ మోసం చేయకూడదని లక్ష్మీకాంత్ పట్టుదల. చివరికి ఎవరూ అడగని గుడ్డ తాను ఒకటి అటక మీద దొరికింది. అచ్చం సిమెంటు రంగు. దానితోనే పంచె, లాల్చీ, కండువా కుట్టించుకున్నాడు.

ఆ బట్టలు పనిచేశాయి. అదే విచిత్రం. అంతకు ముందు గల్లాపెట్టె దగ్గర్నుంచే "రండి బావగారూ, వేడి జిలేబీ!" అని పిలిచే మిఠాయి కొట్టు యజమాని ఇప్పుడు లోపల్నుంచే దణ్ణం పెట్టేవాడు. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు పూర్ణాల బేసిన్‌తో అతని విస్తరి దాటి దూరంగా వెళ్లేవారు. ఆటోవాళ్లు దారి ఇచ్చారు. దీక్షలో ఉన్న మనిషి టైల్సు విషయంలో అబద్ధమాడడని కస్టమర్లు పెరిగారు. అన్నిటికన్నా, ఒంటి మీద ఆ కండువా ఉన్నంతసేపూ అతని చెయ్యి దేని మీదికీ పోలేదు. అద్దంలో చూసుకుంటే కట్టి వదిలేసిన పిట్టగోడలా ఉన్నాడు గానీ, మనసు మాత్రం హాయిగా ఉంది.

వాళ్లుండే గుణదల అపార్ట్‌మెంట్ సంఘానికి కిరీటి గారు కార్యదర్శి. కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఒక పొద్దున ఆయన లిఫ్టులో లక్ష్మీకాంత్ కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు.

"స్వామీ, నాకూ ఇప్పించండి."

"ఏంటండీ?"

"దీక్ష. జీవితంలో ఒక్కటీ పూర్తి చేయలేదు. అన్నిటికీ కొండలెక్కాలి, నాకు చూస్తే మోకాళ్లు. మీదానికి తీపి మానేస్తే చాలంటున్నారు. లిఫ్టులో కూడా చేసుకోవచ్చు గదా."

లక్ష్మీకాంత్ నిజం చెప్పబోయాడు. ఈలోగా మూడో అంతస్తు వచ్చింది, మనుషులు ఎక్కారు, అందరి ముందూ కిరీటి నిజంగానే కాళ్ల మీద పడ్డాడు.

వారం తిరక్కుండా అపార్ట్‌మెంట్‌లో సగం మగవాళ్లు సిమెంటు రంగులోకి మారారు. తర్వాత ఆడవాళ్లు చేరారు. పక్క వీధివాళ్లు వచ్చారు. అటక మీద తాను అయిపోయి, కొట్టువాడు సూరత్ నుంచి తెప్పించాడు. తీపి లేని మనుషులు కాబట్టి జనం వాళ్లకు చప్పస్వాములని పేరు పెట్టారు. కిరీటి అది బిరుదుగా తీసుకున్నాడు. వాళ్లు ఎదురుపడితే "చప్పన, స్వామీ!" అని పలకరించుకునేవారు. నియమాలన్నీ కిరీటే తయారు చేశాడు. చీమల బారు కనిపిస్తే ఆగి దారివ్వాలి. ఎందుకంటే మనం వదిలేసిన తీపికి ఇక హక్కుదారులు అవే. చెరకు రసం బండి ఎదురైతే ఎడమచేతి వైపు నుంచి దాటాలి. తియ్యగా మాట్లాడేవాళ్లతో పని పెట్టుకోకూడదు. ఈ చివరి నియమం వల్ల ఇన్సూరెన్సు ఏజెంట్లు ఆ వీధికి రావడం మానేశారు.

"ఇదంతా నేను చెప్పలేదే," అన్నాడు లక్ష్మీకాంత్ భార్యతో.

"మీరు ఏదీ చెప్పడం లేదు గనకే ఇంత పెరిగింది," అంది ఛాయాదేవి. "చెప్పేయండి."

"చెప్తే మళ్లీ బొబ్బట్టు పెడతారే."

నలభై ఒక్క రోజుల మండలం పూర్తి కావొచ్చింది. కిరీటి విరమణకు ఏర్పాట్లు మొదలుపెట్టాడు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్లు తీయించి సిమెంటు రంగు షామియానా వేయించాడు. ఆ షామియానా వెనక గోడలో కలిసిపోయి, ఉందో లేదో తెలియలేదు. చక్రపొంగలి వండడానికి కంకిపాడు నుంచి కనకలక్ష్మిని స్వయంగా కారు పంపి పిలిపించాడు.

"చక్రపొంగలి ఎందుకండీ?" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఏం మానేశామో దాన్ని గురుస్వామి మొదట నోట్లో పెట్టుకుంటేనే గదండీ దీక్ష దిగేది! మీరు తిన్నాక మేమంతా తింటాం. అందరి నోళ్లూ చచ్చిపోయి ఉన్నాయి స్వామీ."

"విరమణ లేకుండా ఉండకూడదా?"

కిరీటి హాయిగా నవ్వాడు. "మీకు హాస్యం కూడా ఉంది స్వామీ."

విరమణ రోజు పొద్దున సెల్లార్ నిండిపోయింది. గంగాళంలో పొంగలి బెల్లపు రంగు తిరిగి బుడగలు వేస్తోంది. నెయ్యి, జీడిపప్పు, పచ్చకర్పూరం వాసన మెట్ల మీదుగా ఐదో అంతస్తు దాకా ఎక్కింది. సిమెంటు రంగు మనుషులంతా ఆకులు పట్టుకుని, మింగుతూ, ఒక్కడి నోటి వైపే చూస్తున్నారు. కనకలక్ష్మి గరిటె నిండా తీసి వెండి గిన్నెలో వేసి, చల్లారడానికి ఊది, అల్లుడి చేతికిచ్చింది.

లక్ష్మీకాంత్ గిన్నె పట్టుకున్నాడు. వేడి అరచేతికి తగిలింది. తినొచ్చు, ఇంతమంది తినమంటున్నారు, తింటే అది పుణ్యం కూడా అని లోపల ఒక గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ గొంతు అతనికి పాత పరిచయం. చెంచా పెదాల దాకా వెళ్లింది. జనంలో ఎవరో "చప్పన!" అని జయజయధ్వానం మొదలుపెట్టారు. అతను చెంచా చటుక్కున వెనక్కి తీసేసరికి పొంగలి కండువా మీద పడింది.

"నేను తినలేనండీ," అన్నాడు. "ఇది దీక్ష కాదు. అసలు దీక్షే లేదు. నాకు తీపి జబ్బు. ఒక ముక్క తింటే ఆగలేను. ఈ గిన్నె తింటే ఆ గంగాళం దాకా వస్తాను. మొహమాటానికి ఒక అబద్ధం ఆడాను. అది ఇలా బట్టలు కట్టుకుంది. క్షమించండి."

అందరి చూపూ కిరీటి మీదికి మళ్లింది. ఆయన ముఖం పాలిపోయింది. అయితే ఆయన్ని బాధిస్తున్నది అబద్ధం కాదు.

"అదంతా సరేనండీ. మీరు తినకపోతే మేమెలా తినాలి?"

"మీరు తినండి."

"గురుస్వామి తినందే..." అని ఆగి, కిరీటి గంగాళం వైపు చూశాడు. చుట్టూ జనం ఆకులు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. ఆయన చటుక్కున ముందుకొచ్చి లక్ష్మీకాంత్ మెడలో కండువా తీసి తన మెడలో వేసుకున్నాడు. "సంఘం తరఫున మిమ్మల్ని గురుస్వామి పదవి నుంచి తప్పిస్తున్నాం. అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి." ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన ఆ కండువా మీదున్న పొంగలినే వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. జయజయధ్వానాలు మిన్నుముట్టాయి.

జనం గంగాళం మీద పడ్డారు. లక్ష్మీకాంత్ ఒక స్తంభం పక్కన మిగిలిపోయాడు. కనకలక్ష్మి గరిటె ఎవరికో ఇచ్చేసి అతని దగ్గరికి వచ్చింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అయితే ఆ రోజు నా బొబ్బట్టు తప్పించుకోడానికి అబద్ధమాడావన్నమాట."

"అవునత్తయ్యా."

"జబ్బని చెప్తే సరిపోయేదిగా! బలవంతం చేస్తానా?"

"చేస్తావత్తయ్యా."

ఆవిడ కోపంగా ఏదో అనబోయి ఆగింది. "చేస్తాను," అంది నెమ్మదిగా. "నిజమే. కుక్కి కుక్కి పెడతాను. పెట్టకపోతే నాకు ఏదోలా ఉంటుందిరా. అదీ ఒక జబ్బేనేమో." తర్వాత అతని మోచెయ్యి పట్టుకుంది. "ఇక్కడెందుకు ఈ వాసనలో నిలబడ్డావు? పద బయటికి."

ఇద్దరూ కాలువ గట్టు మీదికి వెళ్లి, ఛాయాదేవి ఫ్లాస్కులో పోసి ఇచ్చిన చక్కెర లేని టీ తాగారు. కనకలక్ష్మి ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "ఇది తాగి బతుకుతున్నావా?" అంది. అయినా గ్లాసు ఖాళీ చేసింది.

ఆ తర్వాత లక్ష్మీకాంత్ ఉన్న మాట చెప్పడం నేర్చుకున్నాడు. చెప్పినా కొందరు పెట్టారు. ఒకసారి తెలిసినవాళ్లింట్లో జున్ను దగ్గర ఓడిపోయాడు, గిన్నె నాకేదాకా ఆగలేదు. ఇంటికొచ్చి ఛాయాదేవికి చెప్పాడు. ఆమె డాక్టర్ ఉషశ్రీకి ఫోన్ కలిపి ఇచ్చింది. "జారారు, అంతే. లేచి నడవండి," అంది ఆవిడ. మర్నాడు పొద్దున్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. కానీ పండగల రోజులు దగ్గరపడేసరికి గుండెలో దడ మొదలైంది. మెడ మీద ఆ కండువా బరువు లేకుండా పందిళ్లలోకి వెళ్లడం కష్టంగా ఉంది.

ఈలోగా కిరీటి రెండో ఏడాది దీక్ష ప్రకటించాడు. ఈసారి బెజవాడ దాటి ఉయ్యూరు, గుడివాడ నుంచి కూడా జనం వచ్చారు. ఒక సాయంత్రం లక్ష్మీకాంత్ సెల్లార్‌లోకి వెళ్లి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కిరీటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను కన్నెస్వామిగా చేర్చుకుంటారా అండీ?"

కిరీటి కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. "నియమాలు తెలుసా?"

"కొన్ని తెలుసు."

"కష్టంగా ఉంటుంది."

"తెలుసండీ." లక్ష్మీకాంత్ గొంతు సవరించుకున్నాడు. "ఒక్కటే అడుగుతాను. విరమణ రోజు నేను రాలేను."

కిరీటి బొటనవేలితో కండువా అంచు రుద్దాడు. తర్వాత చుట్టూ కూర్చున్నవాళ్లకి వినపడేలా, "కన్నెస్వాములకు విరమణ లేదు. ఇది ఈ ఏడాది నుంచి కొత్త నియమం," అన్నాడు.

"మరి కన్నెస్వామిగా ఎంతకాలం ఉండొచ్చండీ?"

"ఎవరడుగుతారండీ?" అన్నాడు కిరీటి గొంతు తగ్గించి. "కూర్చోండి, మొదలుపెట్టాలి."

వెనక వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. లక్ష్మీకాంత్ అందులో కూర్చున్నాడు. ఆ రోజు కిరీటి చెరకు గడ గురించి ప్రసంగించాడు. అందులో సగం కల్పితం. ఆయన చాలా బాగా మాట్లాడాడు.