కమాను కింద చెప్పే మాట

సున్నమయ్య తట్టలోని సున్నాన్ని తాపీతో మరోసారి తిరగేసి, పైకెత్తి చూశాడు. జారకుండా అంటిపెట్టుకునే ఉంది. పదును కుదిరిందన్నమాట. రాళ్ళ సందులోని పాత పొడిని మేకుతో గీకి, నీళ్ళు చిలకరించి, వేలెడు ముద్దను లోపలికి కూరి, తాపీ అంచుతో ఒక్క రాపు రాశాడు. తర్వాత పక్క సందు. ఆ తర్వాత దాని పక్కది.

మిల్లు దగ్గరి వంతెన చిన్నది, ఒక్కటే కమాను. కింద వాగు మోకాలి లోతు కూడా లేదు. ఆ చుట్టుపక్కల ఇలాంటి రాతి వంతెనలు ఇంకా చాలా మిగిలాయి. కొన్నేళ్ళ కిందట పెద్దవాళ్ళెవరో వచ్చి చూసి, ఇవన్నీ చరిత్ర అన్నారు. ప్రతి వంతెన మొదట్లోనూ నీలం బోర్డు పాతించారు. సిమెంటు ముట్టించవద్దని, సున్నంతోనే బాగుచేయాలని చెప్పి వెళ్ళారు. ఆ బోర్డుల పుణ్యమా అని ఇతని ఉద్యోగం నిలిచింది. సున్నమయ్య అన్నది అందరూ పిలిచే పేరు, అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. బడిలో లెక్కలకు సున్నాలు తెచ్చుకున్నవాడికి చివరికి సున్నమే దక్కిందని అతనే చెప్పి నవ్వేవాడు. వేళ్ళ చివర్ల చర్మం తెల్లగా, నెర్రెలు విచ్చి ఉండేది. రాత్రి భార్య నూనె రాస్తే, పొద్దున్నే సున్నం దాన్ని కాస్తా తాగేసేది.

పని ముగిశాక సామాను సర్దుకుని, కమాను నడిమధ్యకు వెళ్ళి నిలబడి, "పోతున్నా" అన్నాడు.

ఇంట్లోంచి బయల్దేరే మనిషి ఎవరూ ఆ మాట అనరు. "వెళ్ళొస్తా" అంటారు. వెళ్ళడమూ, తిరిగి రావడమూ రెండూ ఆ ఒక్క మాటలో ఉండాలి. వంతెనల కింద పనిచేసేవాళ్ళకు మాత్రం ఇది తలకిందులు. కమాను కింద నుంచి కదిలేటప్పుడు "పోతున్నా" అని తెంచి చెప్పాలి. వెళ్ళొస్తానని నోరు జారితే వంతెన ఎదురుచూడడం మొదలుపెడుతుంది. ఇంట్లోవాళ్ళలా అన్నం మీద మూతపెట్టి పడుకోవడం దానికి తెలియదు.

ఏ కమాను అయినా అతని మాటలో తోక ముక్కను పట్టుకుని "...తున్నా" అని తిరిగి అనేది. ఇవాళ ఏమీ అనలేదు. ఈసారి గట్టిగా అన్నాడు. ఆ మాట ఎదుటి రాళ్ళకు తగిలి అక్కడే అంటుకుపోయినట్టయింది. పైనుంచి వ్యాన్ డ్రైవరు "బాబాయ్, అయిందా?" అని కేకేశాడు. ఆ కేక మాత్రం కమాను కింద చక్కగా మోగింది.

సున్నమయ్యకు గుండెల్లో చిన్న రాయి పడింది. ఈ మాటను ఇవాళ ఒకసారి వాడేశాడు, అదీ వాడకూడని చోట.

పొద్దున వ్యాన్ హారన్ విని లేచాడు. మనసంతా ఏటి మీది ముసలి వంతెన నడిమి కమానులో పోయిన వారం చూసిన పగులు మీదే ఉంది. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, ఇంటి గుమ్మంలో నిలబడి "పోతున్నా" అనేశాడు. లోపల భార్య కుట్టుమిషన్ టక్కున ఆగింది.

"ఏమన్నావు బావా?"

"ఏమన్నాను?"

"లోపలికొచ్చి, సరిగ్గా చెప్పి వెళ్ళు."

వ్యాన్‌లోంచి డ్రైవరు ఇటే చూస్తున్నాడు. ఈ వయసులో గుమ్మం దగ్గర పాఠం అప్పజెప్పడానికి సున్నమయ్యకు సిగ్గేసింది. "చెప్పకపోతే మాత్రం రానా ఏంటి" అని నవ్వి మెట్లు దిగిపోయాడు. ఆమె నవ్వలేదు. మిషన్ మళ్ళీ కదిలిన చప్పుడూ వినపడలేదు.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. ఆమె తండ్రే సున్నమయ్యకు మేనమామ, పని నేర్పిన గురువు కూడా. పూరించిన ప్రతి సందు చివరా బొటనవేలితో ఒక నొక్కు నొక్కి వదిలేవాడు. ఒక సాయంత్రం ముసలి వంతెన నడిమి కమాను కింద సామాను సర్దుకుంటుంటే, పైన పిట్టగోడ మీంచి ఎవరో తెలిసినాయన వంగి పలకరించాడు. పెద్దమనిషి కదా అని మావయ్య తలెత్తి మర్యాదగా, "పనైపోయిందండీ, వెళ్ళొస్తా" అన్నాడు. చెప్పింది పైనున్న మనిషికే. నిలబడింది మాత్రం కమాను కింద. పక్కనే ఉన్న సున్నమయ్య ఆ మాట విన్నాడు. మర్నాడు అక్కడ పని లేదు. అయినా మావయ్య తాపీ పట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఆ కమాను కిందే, స్తంభానికి చేరగిలబడి కూర్చునే పోయి ఉన్నాడు.

వ్యాన్‌లో సున్నమయ్య దిగులుగా కూర్చోవడం చూసి డ్రైవరు కదిలించాడు.

"పిన్ని కోపంగా ఉందా?"

"కోపం కాదురా. ఒక మాట బాకీ పడ్డాను."

"దానికింత ఆలోచనెందుకు? ఫోన్ చేసి చెప్పేయ్."

చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. కుట్టుమిషన్ రొదలో ఆమెకు పిడుగు పడ్డా వినపడదు.

రెండోది ఇనుప వంతెన. దాని రాతి స్తంభాల అడుగున నాలుగు సందులు పూరించేసరికి ఆయాసం వచ్చింది. ఎడమ భుజం పొద్దుటి నుంచీ బరువుగానే ఉంది. పని ఆపి దగ్గాడు. చుట్టూ బండరాళ్ళున్నా దగ్గు ఎక్కడా మోగలేదు. గట్టు మీద డ్రైవరు ఏదో పాటకు ఈల వేస్తుంటే అది స్తంభం నుంచి స్తంభానికి తిరిగి వస్తోంది. సున్నమయ్య తాపీతో రాయి మీద కొట్టి చూశాడు. అదీ మోగలేదు. తను అక్కడ లేనట్టే ఉంది ఆ వంతెనకు. సామాను అందుకుని గబగబా గట్టెక్కి, మళ్ళీ ఇంటికి ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.

"ముసలి దాన్ని రేపు చూసుకుందామా బాబాయ్? ముఖం పాలిపోయింది."

వెళ్ళిపోదామనే ఉంది సున్నమయ్యకు. ఇంటికి పోయి, గుమ్మంలో నిలబడి, ఆ మాటేదో చెప్పి మళ్ళీ బయల్దేరితే సరిపోతుందనిపించింది. కానీ ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఈ రాత్రి వాన పడితే ఆ పగుల్లోకి నీళ్ళు దిగుతాయి. "ఒక్క పగులే కదా, చిటికెలో వస్తా" అన్నాడు.

ముసలి వంతెనకు ఐదు కమానులు. కింద ఏరు నల్లగా, చప్పుడు లేకుండా పారుతోంది. డ్రైవరు సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. సున్నమయ్య ఒక్కడే తట్ట పట్టుకుని నడిమి కమాను కిందకు దిగాడు. అక్కడి చల్లదనం ఏటిది కాదు. చాలాకాలం మూసి ఉంచిన గదిలో ఉండేలాంటి చల్లదనం.

పగులు దగ్గరకు వెళ్ళి చూసి ఆగిపోయాడు. అది సగం దాకా పూడి ఉంది.

వేలు పెట్టి చూస్తే సున్నం ఇంకా పచ్చిగా ఉంది. ఎవరో పై నుంచి సగం వరకూ ఎంతో నేర్పుగా పూరించి, చివర బొటనవేలితో ఒక నొక్కు నొక్కి వదిలారు. ఆ నొక్కు ఎవరిదో సున్నమయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎందుకో తెలియదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిగతా సగం ఖాళీగా, అతని ఎత్తుకు సరిగ్గా అందేలా ఉంది. చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి.

జానెడు మిగిలి ఉండగా జేబులో ఫోన్ మోగింది. ఇంటి నుంచి.

"ఏంటి బావా ఇన్నిసార్లు చేశావు? మిషన్ మీదున్నా, వినపడలేదు."

ఆ గొంతు వినగానే రోజంతా మోసిన బరువు దిగినట్టయింది. ఎక్కడున్నాడో మరిచిపోయాడు.

"పొద్దున ఎగ్గొట్టిన మాట ఇప్పుడు చెప్తున్నా, విను. వెళ్ళొస్తా."

పొద్దుటి నుంచీ ఉలకని పలకని కమాను ఆ మాటను అందుకుంది. తోక ముక్క కాదు, మొత్తం. "వెళ్ళొస్తా."

ఫోన్‌లో ఆమెకూ అది వినపడినట్టుంది.

"బావా, నీ పక్కన ఎవరు?"

"ఎవరూ లేరు."

"ఎక్కడున్నావు నువ్వు?"

ఆమెతో అబద్ధం చెప్పడం అతనికి ఏనాడూ చేతకాలేదు. "నడిమి కమాను కింద" అన్నాడు.

"బయటికొచ్చెయ్. అన్నీ అక్కడే వదిలేసి వచ్చెయ్ బావా."

"వస్తున్నా. ఈ జానెడూ అవగానే."

ఫోన్‌ను రాతి మీద పెట్టాడు. అది వెంటనే మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. పరిగెత్తి పోవచ్చు. గట్టు ఎంతో దూరం లేదు. కానీ సగంలో వదిలిన సందును అతను బతుకులో ఎన్నడూ చూసి ఊరుకోలేదు. ముద్ద తీసి కూరాడు. తాపీ అంచుతో ఒక్క రాపు రాశాడు. పైనున్న నొక్కును చూసి, దాని కిందుగా తన బొటనవేలు నొక్కాడు. ఒక్క నిమిషం ఆయాసం తీర్చుకుందామని స్తంభానికి చేరగిలబడి కూర్చున్నాడు. ఏరు ఇప్పుడు చక్కగా వినపడుతోంది.

డ్రైవరు లేచి హారన్ కొట్టాడు. ఎంతకీ రాకపోతే విసుక్కుంటూ కిందకు దిగాడు. ఫోన్ రాతి మీద మోగుతూనే ఉంది. సున్నమయ్య కూర్చుని, చేసిన పని సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటున్నట్టు పగులు వైపు చూస్తున్నాడు. చెయ్యి చల్లబడిపోయింది. అందులోని తాపీని డ్రైవరు ఒక్కొక్క వేలూ విప్పి తీయాల్సి వచ్చింది.

వారం తర్వాత డ్రైవరు ఆ తాపీ పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె మిషన్ ముందు కూర్చుని ఉంది, కుట్టడం లేదు.

"ఆ మాట నేనే అడిగాను" అంది. "అడగకపోతే అక్కడ అనేవాడు కాదు."

"ఇంటికే కదా పిన్నీ చెప్పాడు" అన్నాడు డ్రైవరు.

"ఇద్దరికీ చెప్పాడు."

గుడ్డపీలికతో తాపీని తుడిచి, గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. ఆ రాత్రి అన్నం మీద మూతపెట్టి, తలుపు గడియ వేయకుండా పడుకుంది.

ఆ పీలిక ఇప్పుడు అట్టకట్టుకుపోయింది. దాని తర్వాత ఇంకా చాలా పీలికలు అలాగే అయ్యాయి. రోజూ పొద్దుపోయాక ఆమె తాపీని మెరిసేదాకా తుడిచి పెడుతుంది. తెల్లారి చూస్తే మేకుకు వేలాడుతున్న ఆ తాపీ అంచున సున్నం పచ్చిగా, అప్పుడే ఎవరో పని ఆపి వచ్చినట్టుగా ఉంటుంది.