నడుం ఎత్తు బల్ల

"వంగి వాకిలి ఊడ్చలేనిదానివి సంతలో పెండలాలెలా అమ్ముతావే అఫ్రకోమా?" అంటూ పొద్దున్నే పొట్టి చీపురు నా చేతిలో పెట్టింది అత్తయ్య. ఊడుస్తూ లెక్కపెట్టాను. తొంభై రెండు సార్లు వంగాను. మా టెచిమాన్ సంతలో పెండలాలు నేలమీదే పేరుస్తాం. ఒక్కో గుట్టకి నూరు వంగడాలు, రోజుకి మూడు గుట్టలు. సాయంత్రం ఉడికిన పెండలం దంచి చేసే ఫుఫూ ముద్ద సంగతి సరేసరి. మా ఆయన ఓపోకు నిలబడి రోకలి వేస్తాడు. నేను జానెడెత్తు పీట మీద ముడుచుకుని కూర్చుని, పోటుకీ పోటుకీ మధ్య రోట్లో చెయ్యి పెట్టి ముద్ద తిప్పుతాను. చూసినవాళ్ళు "పెళ్ళానికి సాయపడే మగాడు" అని అతన్ని మెచ్చుకుంటారు. పెండలం చేత్తో పట్టుకుంటే చాలు, బరువెంతో చెప్పేస్తాను. నా నడుం ఏం మోస్తోందో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ తూచి చూడలేదు.

ఇప్పుడు తూచక తప్పదు. ఆరేళ్ళ ఎదురుచూపు తర్వాత నెల తప్పింది! బేరం మధ్యలో నవ్వొచ్చేస్తోంది. "దీనికివాళ ఏదో అయింది, ఈ పూటే బేరమాడండి" అని పక్క గుట్ట దగ్గర అమ్మే దుఫీ తన గిరాకీలకి చెబుతోంది. చెప్పాలని నాలుక దురద పెడుతుంది. కానీ పొట్ట తెలిసేదాకా పైకి అనకూడదు మావాళ్ళలో. అంటే ఎవరి కన్నో పడి పోతుందంటారు. అందుకే నడుం పట్టేసినప్పుడు, వచ్చింది వచ్చినట్టే పోతోందేమోనని వణుకుతూ, ఎవరికీ చెప్పకుండా మంత్రసాని పోమా దగ్గరికి వెళ్ళాను.

పరీక్ష చేసి, అంతా బాగానే ఉందని నవ్వింది. "పొట్టే రాలేదు, నడుం ఎందుకు నొప్పి అంటావా అక్కా? కీళ్ళని పట్టి ఉంచే కట్లన్నీ ఇప్పట్నుంచే వదులవుతాయి. తాళ్ళు వదులైన లారీకి సరుకెత్తితే ఒరగదూ? నీ నడుమూ అంతే."

"మరి ఏం చెయ్యను?"

"నడుం వంచకు, మోకాళ్ళు వంచు. బరువులు మోయకు. నీ సరుకే నీ ఎత్తుకి రావాలి. పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకో. గోరువెచ్చని గుడ్డతో నడుం కాపుకో. ఒకేచోట గంటలకొద్దీ కూర్చోకు, మధ్యలో నాలుగడుగులు వెయ్యి. రక్తం కనిపించినా, పొత్తికడుపు మెలిపెట్టినా, జ్వరమొచ్చినా, ఒంటేలుకి పోతే మంట పుట్టినా ఆ క్షణమే రా. నన్నడక్కుండా మాత్రలు, నాటుమందు, ఎనిమా ఏదీ వద్దు."

ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. గడపలోనే ఆగిపోయాను. అత్తయ్య చేతిలో ఎనిమా ఎక్కించే రబ్బరు బుడ్డి. పక్కన గిన్నెలో అల్లం, మిరప నూరి కలిపిన నీళ్ళు.

"రావే. పొద్దుట్నుంచీ నడుం పట్టుకునే తిరుగుతున్నావు. ఇది ఎక్కిస్తే ఇట్టే పరుగెడతావు."

అబద్ధం కాదు, మా ఇళ్ళలో నడుం నొప్పికి ముందు చేసేది అదే. ఇదివరకు నేనూ ఎన్నిసార్లో ఎక్కించుకున్నాను. రోకలి కడుగుతున్న ఓపోకు ఇకిలించాడు. "మొండికెయ్యకే. ఫుఫూకి ఆలస్యమవుతోంది."

ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను. చెబితే కన్ను పడొచ్చు, పడకపోనూవచ్చు. చెప్పకపోతే ఆ బుడ్డి మాత్రం తప్పదు.

"అత్తయ్యా, అది వద్దు. నాకిప్పుడు మూడో నెల."

బుడ్డిలోంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి. "మెల్లగా అనవే పిచ్చిదానా, గోడలకి వినపడుతుంది!" అంటూ తనే వాడంతా వినబడేలా అరిచింది. గిన్నె తన్నేసింది. నా మొహం రెండు చేతులా పట్టుకుని నవ్వింది, ఏడ్చింది. ఓపోకు రోకలితో సహా నా చుట్టూ గంతులేశాడు. ఆ గంతుల మధ్యే ఆగి, "అయితే ఇవాళ ఫుఫూ ఎవరు తిప్పుతారు?" అన్నాడు.

"ఎవరూ తిప్పరు," అన్నాను. "పెండలం ఉడికాక ఉడికినట్టే తింటాం. రేపట్నుంచి నీకు ఫుఫూ కావాలంటే ఒక చేత్తో దంచు, ఒక చేత్తో తిప్పు." పోమా చెప్పినదంతా చెప్పాను. దిండు, గోరువెచ్చని గుడ్డ, మోకాళ్ళు. నా గుట్టలు ఇక నేలమీద ఉండవనీ, నడుం ఎత్తు బల్ల చేయిస్తాననీ చెప్పాను.

"బల్ల మీద పెండలాలా! సంతంతా నవ్వుతుంది," అన్నాడు.

"నవ్వనీ. నేనూ నవ్వుతూనే అమ్ముతాను."

అత్తయ్య ఎప్పటిలాగే తొడ మీద ఒక చెయ్యి ఆన్చి, సగం వంగి నిలబడింది. ఐదుగురిని కన్న మనిషి, ఇప్పటికీ సంతలో నేలమీద గుట్ట పేర్చే మనిషి. ఆ వంపు వయసువల్లనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నా దగ్గరికి జరిగి, కొడుక్కి వినపడకుండా అడిగింది. "ఆ మోకాళ్ళ మధ్య దిండు... కనడం అయిపోయినవాళ్ళకి కూడా పనిచేస్తుందా?"

మర్నాడు వడ్రంగికి రెండు బల్లలు చెప్పాను.