దుంగ కింద నలుగురు

పొద్దుట నుంచీ మెర్వి చేతులు కడుక్కోవడానికి వెళ్ళడం ఇది అయిదోసారి. చేతులకేం మురికి లేదు. వెళ్ళి, కడుక్కుని, అద్దంలో తన మొహం చూసుకుని తిరిగొచ్చి బల్ల మీద కూర్చుంటుంది, రెండు నిమిషాలకే మళ్ళీ లేస్తుంది. నలభై ఆరేళ్ళ మనిషి, ఫిన్లాండులో కువోపియో ఊరి చుట్టుపక్కల పల్లెలకు మంచు రోడ్ల మీద లైబ్రరీ బస్సు నడిపే మనిషి, ఒక వ్యాయామ పోటీకి కాలుగాలిన పిల్లిలా ఇలా తిరగడం తనకే సిగ్గనిపించింది.

"మళ్ళీనా? అక్కడేమన్నా కాఫీ పోస్తున్నారా? చెప్తే మేమూ వస్తాం కదా!" అన్నాడు వేసా. వాళ్ళ నలుగురి జట్టులో అందరికన్నా చిన్నవాడు, బడిలో లెక్కలు చెప్తాడు.

"వెళ్ళనీరా. నీ మొహం చూస్తూ కూర్చునే కన్నా అద్దంలో తన మొహం చూసుకోవడం నయం," అంది ఔలి. ఔలి ఆసుపత్రిలో నర్సు. ఆవిడకు ఎవరి మీదైనా జోకు వెయ్యడం వచ్చు గానీ, తన సంగతి మాత్రం ఎన్నడూ చెప్పదు. మూడోవాడు తోర్స్తి, ఇళ్ళల్లో నీటి గొట్టాల పని చేసే పెద్దమనిషి, నవ్వీ నవ్వనట్టు మీసం దువ్వుకున్నాడు.

వాళ్ళ పక్కనే, కట్టు కట్టిన కాలు కుర్చీ మీద చాపుకుని కిర్స్తి కూర్చుంది. నిజానికి ఈ జట్టులో నాలుగో మనిషి ఆవిడే. మూడేళ్ళుగా ఆవిడే. నెల కిందట తన ఇంటి వాకిట్లోనే మంచు మీద జారి మడమ విరగ్గొట్టుకుంది. జట్టులో ఇద్దరు ఆడవాళ్ళుండాలని నియమం. వ్యాయామశాలలో ఈ శనివారం ఖాళీగా ఉన్న ఆడమనిషి మెర్వి ఒక్కతే, అదీ చేరి ఆర్నెల్లు కాలేదు. అలా పిలిచారు. గతిలేక పిలిచారని మెర్వికి తెలుసు. మేలో జరిగే తర్వాతి పోటీ నాటికి కిర్స్తి కాలు బాగవుతుందనీ తెలుసు.

"తిను తల్లీ, ఖాళీ కడుపుతో మొయ్యకు," అంటూ కిర్స్తి తను చేసి తెచ్చిన, అన్నం కూరిన రై పిండి రొట్టె అందించింది. మెర్వి ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టింది. ఆవిడ మంచితనమే మెర్విని ఎక్కువ కాల్చుకు తింటోంది. జట్టులో ఆవిడ చోటు మీద తను కన్నేసిందన్న మాట ఆవిడకు తెలిస్తే?

కన్నెయ్యడమే మరి, ఇంకో మాట లేదు. బస్సెక్కిన వాళ్ళు పుస్తకం తీసుకుంటారు, థాంక్స్ చెప్తారు, దిగిపోతారు. ఇంటికొస్తే గోడలు. ఈ నెలరోజులూ ఈ ముగ్గురూ తనను "మన మెర్వి" అన్నారు. ఆ "మన" ఒక్క శనివారంతో ఆగిపోకూడదని ఆమెకు ఆశ, ఆ ఆశ ఎవరికీ చెప్పలేక పొద్దుట నుంచీ చేతులు కడుగుతోంది.

పైగా ఒక పాపం చేసి ఉంది. మూడు వారాల కిందట సాధనలో, నలుగురూ కలిసి ఎత్తే దుంగను సగంలో వదిలేసింది. అది వెళ్ళి ఔలి మెడ కింది ఎముక మీద పడింది. ఔలి మొహం పాలిపోయింది. అయినా "పర్లేదు, పర్లేదు" అంది. తోర్స్తీ పర్లేదన్నాడు. వేసా కాఫీ పోశాడు. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఈ ఊరి మనుషులింతే. కాలు విరిగినా కుంటుకుంటూ పోయి వాకిట్లో మంచు ఎత్తిపోస్తారు గానీ నొప్పి అని మాత్రం అనరు.

మూడో పందెం పిలిచారు. అప్పటికి పన్నెండు జట్లలో వీళ్ళది తొమ్మిదో స్థానం. ఇది ఆఖరిది, అదే దుంగ. మెత్తలు చుట్టి పొడుగ్గా కట్టిన నూట ఇరవై కిలోల బరువు. నలుగురూ ఒకరి వెనక ఒకరు నిలబడి దాన్ని కుడి భుజం మీదకెత్తుకోవాలి. ఒక్కసారిగా కూర్చుని లేచి తలల మీదుగా ఎడమ భుజానికి మార్చుకోవాలి. అది ఒక లెక్క. పన్నెండు నిమిషాల్లో అలాంటివి ముప్పై. కలిసి ఎన్నిసార్లు కింద పెట్టినా తప్పు లేదు, చేజారి పడితే మాత్రం జట్టు అవుట్.

ముందు తోర్స్తి, తర్వాత ఔలి, తర్వాత మెర్వి, చివర వేసా. లెక్క పెట్టేది తోర్స్తి. ఆయన లెక్కపెడితే ఉయ్యాల్లో పసిపిల్ల కూడా లేవదు.

"ఒకటి," అన్నాడు. ఎత్తారు. "రెండు."

అయిదు, ఆరు, ఏడు దాటాయి. పక్క జట్టు అప్పుడే దుంగ దించి ఊపిరి పీల్చుకుంటోంది. వీళ్ళు దించలేదు. దించుదామని ఎవరూ అనలేదు కనక. పన్నెండుకి మెర్వి చేతులకు పట్టు తప్పుతోంది. ముందున్న ఔలి నిటారుగానే ఉంది. తోర్స్తి గొంతు మారలేదు. వెనక వేసా అలికిడి లేదు. వీళ్ళందరూ బానే ఉన్నారు, నేనొక్కదాన్నే పనికిరానిదాన్ని అనుకుంది మెర్వి. నోరు తెరిచి చెప్తే ఇక మే నెల మాటే లేదు. చెప్పకపోతే ఇంకో రెండు మొయ్యగలదేమో.

పద్నాలుగు దగ్గర ఔలి మోచెయ్యి కిందికి వాలడం చూసింది. అప్పుడు దుంగ పడిన ఎముకా అటువైపే.

"ఆపండి!" అని అరిచింది. "దించండి! నా వల్ల కావట్లేదు, దించండి!"

హాలు హాలంతా ఇటు తిరిగింది. నలుగురూ కలిసి వంగి దుంగను నేల మీద పెట్టారు. అయిపోయింది, నా నోటితో నేనే చెప్పేశాను అనుకుని మెర్వి కళ్ళు మూసుకుంది.

తోర్స్తి దుంగ మీదే కూలబడ్డాడు. "బతికించావే అమ్మాయ్. ఎనిమిదికే నా నడుం పోయింది."

"ఎనిమిదికా?" వేసా రొప్పుతూ అన్నాడు. "నేను ఏడు నుంచీ చూస్తున్నా, ఎవరన్నా అంటారేమోనని!"

"మరి నువ్వనలేకపోయావా, మాస్టారూ?" మండిపడింది మెర్వి.

"మీరంతా బానే ఉన్నారనుకున్నా."

"నా చెయ్యి మొద్దుబారిపోయింది. పద్నాలుగు ఎవరెత్తారో నాకు తెలీదు," అంది ఔలి. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంత ఆయాసంలోనూ నవ్వొచ్చింది.

"ఇక నువ్వే లెక్కపెట్టు, మెర్వి," అన్నాడు తోర్స్తి లేస్తూ. "నీ గొంతు బయట కార్ల దాకా వినపడుంటుంది."

మెర్వి లెక్కపెట్టింది. మూడేసి ఎత్తించి దింపించింది. "వేసా, వేషాలెయ్యకు, నీ మోకాళ్ళు వణుకుతున్నాయి, దించు!" అంది. "ఔలీ, నిజం చెప్పు, ఓపిక ఉందా లేదా?" అంది. ఔలి "లేదు" అంది, పుట్టాక మొదటిసారి అన్నట్టు. ఇరవై ఎనిమిది దగ్గర గంట మోగింది. పదో స్థానం. దుంగ మాత్రం పడలేదు.

బల్ల దగ్గరికి వచ్చేసరికి కిర్స్తి చప్పట్లు కొట్టింది. అందరికీ కాఫీ పోసింది. ఆ తర్వాత నవ్వుతూనే అడిగింది. "మేలో నా చోటు నాకిస్తారుగా?"

తోర్స్తి కప్పులోకి చూశాడు. వేసా బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. అందరి తరఫునా "ఇస్తాం, ఎందుకివ్వం" అనేసి ఇంటికి పోదామా అనిపించింది మెర్వికి. పెదవి దాకా వచ్చింది కూడా.

ఔలి కప్పు కింద పెట్టింది. "నాకు మెర్వి ఉంటే బావుంటుంది, కిర్స్తీ. నువ్వు నాలాంటిదానివే, ప్రాణం పోతున్నా చెప్పవు. మనిద్దరం ఒకే దుంగ కిందుంటే ఎవరో ఒకరి మెడ విరుగుతుంది."

కిర్స్తి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. "పర్లేదు," అంది. కాసేపు కట్టు కట్టిన తన కాలి వైపు చూసుకుంది. "కాదు. పర్లేదు కాదు. మూడేళ్ళు మోశాను నేను. నాకు ఏడుపొస్తోంది."

అని నిజంగానే ఏడ్చింది, అంతమంది మధ్యన. మెర్వి లేచింది. ఈసారి చేతులు కడుక్కోవడానికి పోలేదు, వెళ్ళి కిర్స్తి పక్కన నేల మీద కూర్చుంది. సారీ అందామనుకుంది గానీ అది అబద్ధమని తెలుసు.

"నాకు ఆ చోటు కావాలి, కిర్స్తీ," అంది. "చాలా కావాలి."