బతికున్న పిల్లకు పరామర్శ

బోధన్‌లో ఎరువుల దుకాణం నడిపే భానుప్రసాద్ బేరంలో ఎవరికీ తల వంచే రకం కాదు. అలాంటివాడు హైదరాబాద్ నుంచి భార్యనూ పసిబిడ్డనూ తీసుకొస్తూ దారి పొడవునా కారు అద్దాలు దించనివ్వలేదు. బిడ్డకు గాలి తగులుతుందని రమ్యతో చెప్పాడు. అసలు భయం, తెలిసినవాళ్లు చూస్తారని.

ఎందుకంటే ఊరందరి లెక్కలో ఆ బిడ్డ చచ్చిపోయి నెల దాటింది. ఆ మాట చెప్పింది భానుప్రసాదే.

ఐదో నెల స్కానింగులో నిజామాబాద్ డాక్టరమ్మ బిడ్డ వెన్ను చివర గడ్డను చూపించింది. ముప్పై నలభై వేలమందిలో ఒకరికి వస్తుందనీ, చాలావరకు క్యాన్సర్ కాదనీ, పుట్టాక తీసేయవచ్చనీ చెప్పింది. గడ్డ రక్తమంతా లాగేసుకుంటే బిడ్డ గుండె అలిసిపోతుంది కాబట్టి మాటిమాటికీ స్కానింగు చేసి కనిపెట్టుకుని ఉండాలంది. రమ్య ఒక్కటీ తప్పకుండా వెళ్లింది. భానుప్రసాద్ చెవిలో మాత్రం ఇంటికొచ్చాక తల్లి రాములవ్వ అన్న మాటే మిగిలింది.

"తోకతోని పుడుతదా ఏందిరా? నలుగుట్ల మొకమెట్ల సూపెడదాం?"

హైదరాబాద్‌లో కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. గడ్డ కొబ్బరికాయంత ఉంది. నర్సు బిడ్డను చూపించబోతే భానుప్రసాద్ మొహం తిప్పుకుని వరండాలోకి పోయి తల్లికి ఫోన్ చేశాడు.

"పిల్ల దక్కలేదవ్వా. నువ్వు రాకు" అన్నాడు.

ఒకటి రెండు రోజుల్లో అదెలాగూ నిజమవుతుందనుకున్నాడు ఆ మహానుభావుడు. కాలేదు. డాక్టర్లు గడ్డనూ దాంతో పాటు వెన్ను చివరి ఎముకనూ తీసేశారు. మళ్లీ పెరుగుతుందేమో చూడాలి, మూడు నెలలకోసారి వచ్చి రక్తపరీక్ష చేయించండని చెప్పి పంపారు. రమ్యకు పుట్టింటివాళ్లు లేరు. విశ్రాంతి పేరుతో ఆమె ఫోను భానుప్రసాద్ తన జేబులోనే ఉంచుకున్నాడు. నిజం చెప్పడానికి ప్రతి పొద్దునా నోరు తెరిచాడు, ప్రతి పొద్దునా సిగ్గు అడ్డం పడింది.

కారు వాకిట్లో ఆగగానే పక్కింటి హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది.

"పోయిన పిల్ల పోయింది బిడ్డా, నువ్వు పానం కరాబు జేసుకోకు."

రమ్య చేతుల్లోని బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. హన్మవ్వ కొంగు వదిలేసి గుడ్డల్లోకి తొంగి చూసింది. రమ్యకు అంతా అర్థమైంది.

రాములవ్వ కొడుకును తిట్టలేదు. గడపలోనే కూలబడింది.

"వీడు పిల్ల సచ్చిందంటే నాకు ఏడుపు రాలె బిడ్డా. పీడ పోయిందనుకున్న. నేనేం మనిషిని?"

భానుప్రసాద్‌కు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. తల్లి నోట ఆ మాట అనిపించింది కూడా తన అబద్ధమే.

రమ్య గుడ్డలు విప్పి బిడ్డను అత్త ఒళ్లో బోర్లా పడుకోబెట్టింది. పిరుదుల మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. రాములవ్వ దాన్ని నిమిరింది.

అప్పుడు రమ్య మొగుడి వైపు తిరిగింది.

"ఎప్పుడు చెప్పినవ్? పిల్లకు ఆపరేషన్ అయితుంటెనా?"

అవునంటే కొంత పరువైనా దక్కేది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదు" అన్నాడు. "పుట్టిన దినమే. పిల్ల మొకం సుత సూడకముందు."

రమ్య వంగి బిడ్డకు గుడ్డ కప్పింది.

"గా దినం మత్తు దిగి సోయి రాంగనే నిన్ను అడిగిన, పిల్ల మొకం ఎవరి లెక్కున్నదని" అంది. "'అచ్చం నీ లెక్కనే ఉన్నది' అన్నవ్."